మూడో పిలుపు

కృష్ణా డెల్టా పచ్చదనం గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. నేను చూసింది ఎక్కువగా చెక్క బీరువాలు, వాటిలో చెదలు వదిలిపెట్టిన రిజిస్టర్లు. 2007 ఫిబ్రవరిలో నాలుగు రోజులు తెనాలి, బాపట్ల, రేపల్లె, అక్కడినుంచి సముద్రం దగ్గరి అడవులదీవి తిరిగి వచ్చాను. అటువైపు వెళ్లనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను. వెళ్లమని మాత్రం చెప్పడం లేదు.

నా భార్య పేరు మస్తానమ్మ. కర్నూలు జిల్లాలో టీచరుగా పనిచేసి రిటైరైంది. నేను శాఖా గ్రంథాలయంలో పనిచేశాను. మాకు పిల్లలు లేరు. ఆమె పోయి అప్పటికి పదకొండు నెలలు. ఏడాది తిరిగేవరకు గుడి గడప తొక్కకూడదంటారు. ఆఫీసుల గడపకు ఆ నియమం లేదు.

ఆమెకు ఒక అలవాటు ఉండేది. ఎవరు పిలిచినా మొదటిసారి పలికేది కాదు. రెండోసారి కూడా పలికేది కాదు. మూడోసారికి "ఆఁ" అనేది. చెవుడు లేదు. పొయ్యి మీద పాలు పొంగిన చప్పుడు వీధిలోంచి వినేది. పెళ్లైన కొత్తలో నేను విసుక్కున్నాను, కొన్నాళ్లకు నవ్వుకున్నాను, ఆ తర్వాత నాకే మూడుసార్లు పిలవడం అలవాటైంది. ఎందుకలా అని అడిగితే "చిన్నప్పటి అలవాటులెండి" అనేది.

చివరి రోజు ఉదయం ఆసుపత్రిలో మంచం పక్కన నిలబడి "మస్తానూ" అని పిలిచాను. మళ్లీ పిలిచాను. కళ్లు తెరవలేదు. దుప్పటి బయట ఉన్న కాలి వేళ్లు ముడుచుకున్నాయి. చలేమో అనుకుని దుప్పటి కిందికి లాగాను. పక్క మంచం ఆవిడ "నిద్రపోనీ సార్, రాత్రంతా అవస్థ పడింది" అంది. నేను కాఫీకి కిందికి దిగాను. తిరిగి వచ్చేసరికి నర్సు ముఖం మీదికి దుప్పటి లాగుతూ ఉంది.

ఆమె నిద్రలో ఉండి పలకలేదా, మూడో పిలుపు కోసం ఆగిందా? నాకు తెలియవలసింది ఇది ఒక్కటే. అడగడానికి ఆమె వైపు మనుషులు లేరు. తల్లిదండ్రులు మా పెళ్లికి ముందే పోయారు. ఉన్నది సర్వీసు రిజిస్టరు నకలు. దాన్ని కిందినుంచి పైకి చదివితే మొదటి ఉద్యోగం తెనాలి, శిక్షణ బాపట్ల, చదువు రేపల్లె, పుట్టింది అడవులదీవి. పుట్టిన తేదీ జూలై ఒకటి. బడిలో వేసేటప్పుడు హెడ్మాస్టర్లు ఆ తరంలో సగంమందిని జూలై ఒకటినే పుట్టించారు కాబట్టి దాన్ని నేను నమ్మలేదు. ఆమె కూడా ఆ రోజు పాయసం కాచేది కాదు. "అది బడి పుట్టినరోజు" అనేది. అసలు పుట్టినరోజు ఏదంటే, "నాకు లేదు" అనేది.

ఒక అలవాటు ఎక్కడ మొదలైందో కాగితాల్లో దొరకదని నాకు తెలుసు. కాగితాల మధ్య బతికినవాణ్ని కాబట్టి వాటి దగ్గరికే వెళ్లాను.

తెనాలి

తెనాలిలో మనిషికి చుట్టరికం తొందరగా కలుస్తుంది. స్టేషను బయట ఆటో అబ్బాయి "రండి అన్నయ్యగారూ" అన్నాడు. టిఫిను హోటల్లో సర్వరు "ఇంకో రెండు వెయ్యమంటారా బాబాయిగారూ?" అన్నాడు. లాడ్జిలో తువాలు ఇచ్చిన పిల్ల నన్ను తాతగారిని చేసింది. ఒక్క పూటలో ఇంత వయసు నాకు ఇంకెక్కడా పెరగలేదు. మా వైపు కొత్తవాణ్ని సార్ అంటారు, లేకపోతే ఏమీ అనరు.

ఇడ్లీ ప్లేటు ఎనిమిది రూపాయలు. అల్లం పచ్చడి, కారప్పొడి, దాని మీద అడగకుండానే నెయ్యి. ఉగ్గాని, బజ్జీతో రోజు మొదలుపెట్టే నాకు ఇది పథ్యంలా ఉంటుందనుకున్నాను. కారప్పొడి ఆ మాట వెనక్కి తీసుకునేలా చేసింది.

ఆమె రెండేళ్లు పనిచేసిన బడి ఇంకా ఉంది. హెడ్మిస్ట్రెస్ నేను చెప్పింది ఓపికగా విని, పాత హాజరు పుస్తకాలు బైండింగుకు ఇచ్చామని, మార్కెట్ వెనక సందులో ఖాజా అనే ఆయన దగ్గర ఉంటాయని చెప్పింది.

ఖాజా కొట్టు ఒక మంచం పట్టేంత ఉంది. మైదా జిగురు వాసన. గ్రంథాలయాల్లో నాకు బాగా తెలిసిన వాసన. నలభై ఏడెనిమిదేళ్ల మనిషి, లోపలున్న భార్యతో ఉర్దూలో, నాతో తెలుగులో మాట్లాడుతూ కత్తితో అంచులు కోస్తున్నాడు.

"ఎవరి పేరండి కావల్సింది?"

"కె. మస్తానమ్మ. నలభై ఏళ్ల కిందటి టీచరు."

కత్తి ఆగింది. "మా మస్తానమ్మ టీచరా? ఆవిడ మీకేమవుతారు?"

"నా భార్య."

"ఓయమ్మో, కూర్చోండి కూర్చోండి. మా టీచర్ని ఎత్తుకుపోయిన కర్నూలు మీదేనన్నమాట! రెండో తరగతండి నేను. ఆవిడ హాజరు పిలిస్తే ఏ పిల్లాడూ మర్చిపోడు. ఒక్కో పేరు మూడుసార్లు పిలిచేది. మొదటిసారికే పలికామా, అయిపోయామే! 'ఏరా, ఎవరు పిలిచారో చూసుకోవా?' అని చెవి మెలేసేది. ఎందుకు టీచర్ అంటే ఏమనేదో తెలుసా? 'రెండుసార్లు ఎవరైనా పిలుస్తారు. మూడోసారి కావలసినవాళ్లే పిలుస్తారు' అనేదండి."

అతను నవ్వుతూనే ఉన్నాడు.

"టీచరుగారికి చెప్పండి, ఖాజా ఇప్పటికీ మూడోసారికే పలుకుతున్నాడని. మా ఆవిడ దానికే రోజూ తిడతంది."

అప్పుడు చెప్పాను. అతను జిగురు చేతులు లుంగీకి తుడుచుకుని, తల వంచి, అరబ్బీలో ఏదో మెల్లగా చదివాడు. లోపలినుంచి టీ వచ్చింది.

ఆ పేరు గురించి కూడా అతనే చెప్పాడు. "మస్తాన్ అనేది మా వాళ్ల పేరండి. పిల్లలు దక్కని మీవాళ్లు దర్గాకి మొక్కుకుని పెట్టుకుంటారు. మా పేర్లు మీ ఇళ్లల్లో కాపలా ఉంటాయి." పుస్తకం విప్పి ఆమె సంతకం చూపించాడు. రోజుకొకటి, నాకు తెలిసిన గుండ్రని అక్షరాలు, అప్పటికి ఇంకా కొంచెం బెరుగ్గా. అన్నిచోట్లా మస్తానమ్మ అని మాత్రమే ఉంది. ముందు ఇంటిపేరు అక్షరం లేదు.

"నిన్ననే అంచులు కోశానండి," అన్నాడు. "ఆ 'కె' ముక్క పోయింది. ఒక్కరోజు ముందొచ్చుంటే..." కాళ్ల దగ్గర గోనెసంచి నిండా సన్నని కాగితపు పీలికలు ఉన్నాయి. ఇద్దరం కాసేపు ఆ సంచి వైపు చూశాం.

బాపట్ల

బాపట్లలో నేల ఇసుక, మాట నెమ్మది. తెనాలి నుంచి వచ్చినవాడికి చెవులు మూసుకుపోయాయేమో అనిపిస్తుంది. నల్లరేగడిలో నడిచిన నాకు కాలు దిగి, మళ్లీ తేలిపోవడం కొత్త. అడుగుల గుర్తు పడుతుంది కానీ వెనక్కి తిరిగి చూసేలోపు అంచులు రాలిపోతాయి.

శిక్షణ పొందినచోట ఒక ముసలి అటెండరు పాత హాజరు పట్టీ వెతికి తెచ్చాడు. ఆమె పేరుకు ఎదురుగా మొదటి పదమూడు రోజులూ గైర్హాజరు. ఆ గళ్ల పక్కన ఎర్ర సిరాతో ఎవరో అధ్యాపకుడు రాసిన వాక్యం ఉంది: "ఈమె ఈ దినములన్నియు తరగతిలోనే యున్నది."

ఒక్కసారి పేరు పిలిచి ముందుకు వెళ్లిపోయే ఆ పెద్దమనిషికి పద్నాలుగో రోజున విషయం తెలిసి ఉండాలి. పదమూడు రోజులు ఆమె బల్ల మీద కూర్చుని, తాను లేనట్టు రాస్తుంటే చూస్తూ ఊరుకుంది.

అదే కట్టలో ప్రవేశపత్రం దొరికింది. గుర్తింపు చిహ్నాలు అన్నచోట "కుడి చెవి తమ్మె కొంత తెగి యున్నది" అని రాశారు. నాకు ఆ చెవి తెలుసు. చిన్నప్పుడు తలుపు సందులో పడిందని ఆమె చెప్పింది. తలుపు సందులో పడిన చెవి అంత నున్నగా తెగదని ముప్పై ఎనిమిదేళ్లలో నాకు ఒక్కసారీ తోచలేదు.

అప్పటి హాస్టలు వార్డెను దమయంతమ్మగారు పక్క వీధిలోనే ఉన్నారని అటెండరు తీసుకెళ్లాడు. ఎనభై దాటినావిడ. అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నారు.

"చెవి తెగిన పిల్ల! ఎందుకు గుర్తులేదూ," అన్నారు. "దెబ్బ కాదు నాయనా అది. పురిట్లోనే కోస్తారు. ముందు పుట్టినవాళ్లు వరసగా పోతే, ఈసారి పిల్లని కాస్త అవకరం చేస్తారు. సంతలో బేరగాడు మచ్చున్న వంకాయని పక్కన పడేస్తాడు చూడు, వచ్చేవాడు కూడా అట్టా పక్కన పెట్టి పోతాడని."

"వచ్చేవాడంటే?"

"ఎవడొస్తాడు? కర్నూల్లో రాడా ఏంటి?" అని నవ్వి, నా ముఖం చూసి నవ్వు ఆపేశారు.

పిలిస్తే పలకకపోవడం గురించి అడిగాను.

"నాతో తిట్లు తిన్నది దానికే గదా. భోజనాలకి నేనే పిలిచేదాన్ని. ఒకరోజు వంటమనిషి రాలేదు, వంద పనులు. రెండుసార్లు పిలిచి, రాకపోతే మానె అని వదిలేశా. సాయంత్రం చూద్దును గదా, తలుపు వెనకే కంచం పట్టుకుని కూర్చునుంది. 'ఏవే, వినపళ్లేదా?' అంటే 'వినపడిందండి' అంది. 'మరి రావేం?' అంటే 'మీరు మళ్లీ పిలవలేదు గదండీ' అంది."

ఆవిడ ఒక గింజ తీసి పక్కన పడేశారు. "పొద్దుటినుంచీ ఏం తినలేదు నాయనా ఆ పిల్ల. అయినా కదల్లేదు."

మళ్లీ బస్టాండుకు ఎలా నడిచానో గుర్తు లేదు. బల్ల మీద కూర్చుని, కళ్లజోడు తీసి పక్కన పెట్టి ముఖం తుడుచుకుంటున్నాను. తేగలు అమ్మే ఆవిడ తన మోపు సరిగ్గా దాని మీద దింపింది.

"అయ్యయ్యో! అన్నయ్యా, కళ్లు అక్కడ పెట్టుకుంటే ఎట్టా?"

ఒక అద్దం నిలువునా పగిలింది. రెండోది సగం రాలింది. ఆవిడ నాలుగు ఉడకబెట్టిన తేగలు నా చేతిలో పెట్టింది. "తిను. మెల్లగా పీచు లాగు. కళ్లు లేకపోయినా తినొచ్చు." తాటి మొలకను ఇలా తింటారని పుస్తకాల్లో చదివానే గానీ మా వైపు ఎప్పుడూ చూడలేదు. పిండిగా, చివర కాస్త చేదుగా ఉంది.

రేపల్లె

రేపల్లెలో రైలు పట్టాలు అయిపోతాయి. వాటి చివర ఒక అడ్డుకట్ట, దాని వెనక గడ్డి. ఇంతదాకా తీసుకొచ్చి ఇక మీ ఇష్టం అన్నట్టు ఉంటుంది.

మధ్యాహ్నం అరిటాకులో భోజనం పాతిక రూపాయలు. చివర్లో వడ్డించిన రొయ్యల వేపుడుకు డబ్బు తీసుకోలేదు. "కొత్తగా వచ్చారు, రుచి చూడండి" అన్నాడు యజమాని. మా దగ్గర నీళ్లు వంద అడుగుల కిందినుంచి తోడుకుంటాం. ఇక్కడ చెయ్యి కడుక్కోవడానికి బయటికి వస్తే కాలవ పక్కనుంచే పోతూ ఉంది. అంత నీళ్లున్నచోట మనుషులు ఉదారంగా ఉండటం సహజమే అనుకున్నాను.

ఊళ్లలో మునసబులు రాసిన పాత జనన మరణ రిజిస్టర్లు రెవెన్యూ ఆఫీసు వెనకగదిలో ఉన్నాయి. గుమస్తా కోటేశ్వరరావు నన్ను తలనుంచి కాళ్లదాకా చూశాడు.

"సమాచార హక్కు కింద అడుగుతున్నారా, మామూలుగా అడుగుతున్నారా?"

"మామూలుగానే."

"అయితే ఇప్పుడే వెతుకుతా. చట్టం కింద అడిగితే నాకు ముప్పై రోజులు టైముంటుంది."

అడవులదీవి పుస్తకం గంటన్నరకు దొరికింది. ఆమె తండ్రి పేరు, బడిలో రాసిన జూలై ఒకటి సంగతి చెప్పి, నా కళ్లజోడు పనికిరాదు కాబట్టి అతన్నే చదవమన్నాను. అతను తలుపు దగ్గర వెలుతురులోకి వెళ్లి, బడిపిల్లాడిలా పైకి చదవడం మొదలుపెట్టాడు.

"తండ్రి వెంకటస్వామి, ఉప్పుమళ్ల కూలి... ఆడశిశువు. ఇదిగోండి, పుట్టారు! శ్రావణమాసం. మీ జూలై ఒకటీ కాదు, పాడూ కాదు."

తేదీ చెప్పాడు. దాన్ని ఇక్కడ రాయను. అరవై ఏళ్లు ఎవరూ గుర్తుపెట్టుకోని రోజు అది. ఒక్క నిమిషం నాకు సంతోషంగా ఉంది. ఈ ఏడాది పాయసం కాచవచ్చు అని కూడా అనుకున్నాను.

"పేరు రాయలేదు గదా, ఆవిడే అని ఎట్టా?" అంటూ అతను ముందరి, తర్వాతి పుస్తకాలు కూడా తిరగేశాడు. అదే వెంకటస్వామికి ఆ ముందరి సంవత్సరాల్లో ముగ్గురు పిల్లలు, ముగ్గురూ పోయారు. తర్వాత పుస్తకాల్లో ఇంకెవరూ పుట్టలేదు. "మిగిలింది ఈ ఒక్క ఆడపిల్లే. ఆవిడే." మళ్లీ మొదటి పుస్తకం తీసి, మరణాల వైపు ఒక పేజీ తిప్పి ఆగిపోయాడు.

"ఆగండి."

"ఏమిటి?"

"తండ్రి వెంకటస్వామి, ఉప్పుమళ్ల కూలి. ఆడశిశువు. వయస్సు పదకొండు దినములు. చనిపోయెను. కారణము తెలియదు. తెలిపినవాడు, తలారి."

తలారి అంటే ఊరి కావలివాడు. పుట్టుక, చావు ఏది జరిగినా మునసబుకు చెప్పేది అతనే. కోటేశ్వరరావు ఇంకోసారి మనసులో చదువుకున్నాడు. పెదవులు కదలడం కనిపించింది. నేను సర్వీసు రిజిస్టరు నకలు అతని ముందు పెట్టాను. అడవులదీవి, తండ్రి వెంకటస్వామి.

"అదేంటండీ... పదకొండో రోజున పోతే, మీరు కాపురం చేసింది ఎవరితోనండీ?"

పక్క బల్లలవాళ్లు నవ్వారు. కాసేపటికి ఒక్కొక్కరే ఆపేశారు.

"తప్పు రాసుంటారు," అన్నాడతను గొంతు తగ్గించి. "అర్జీ పెట్టండి, పైవాళ్లతో చెప్పి కొట్టేయిస్తాను. మీ ఊళ్లో పోయిన సంవత్సరం సర్టిఫికెట్ ఇచ్చారు గదా. ఒక మనిషి రెండుసార్లు చచ్చిపోతే రికార్డు ఒప్పుకోదండి."

అర్జీ కాగితం కూడా అతనే ఇచ్చాడు. లాడ్జిలో దాన్ని ముందు పెట్టుకుని కూర్చున్నాను. పగిలిన అద్దంలోంచి ప్రతి గీతా రెండుగా కనిపించింది. ఆ పసిబిడ్డ నిజంగానే పోయి ఉంటే, ఆ స్థానంలోకి వేరే పిల్ల ఎవరైనా వచ్చి ఉంటే, నాతో బతికిన మనిషి ఏ పుస్తకంలోనూ పుట్టలేదు. కాగితం చూసి నాకు అంతకన్నా భయం వేసిన రోజు లేదు. ఖాళీలు నింపకుండా మడిచి జేబులో పెట్టుకున్నాను.

అడవులదీవి

బస్సు నిజాంపట్నం వైపు తిరిగాక చేలు తగ్గి రొయ్యల చెరువులు, వాటి వెనక మడచెట్లు వచ్చాయి. గాలిలో ఉప్పు, ఎండుచేపల వాసన. టీ కొట్టు దగ్గర దిగి మస్తానమ్మ అనే ఆమె పుట్టిన ఇల్లు అడిగాను.

"ఏ మస్తానమ్మండి?" అన్నాడు టీ కొట్టతను. "ఈ పక్కన రాయి విసిరితే మస్తానమ్మకే తగులుద్ది. మా వీధిలోనే ముగ్గురు."

ఉప్పుమళ్ల వెంకటస్వామి కూతురు అన్నాను. అతనికి తెలియదు. కానీ నాంచారమ్మకు తెలుస్తుందన్నాడు. "ఊళ్లో ఎవరికి తెలియనిదైనా ఆవిడకి తెలుసు. తెలియకపోతే కల్పిస్తది."

నాంచారమ్మకు డెబ్బై ఏళ్లుంటాయి. పాకలో కూర్చుని ఎండు రొయ్యలు ఏరుతూ ఉంది. వెంకటస్వామి పేరు చెప్పగానే చేట పక్కన పెట్టింది.

"మస్తాను మొగుడివా నువ్వు?"

"అవునమ్మా."

"అమ్మా అనమాక. ఆ పిల్లని మా అమ్మ కొన్నది. కొన్న పిల్ల నాకు చెల్లెలే గదా. నువ్వు నాకు మరిదివి. కర్నూలోళ్లంట గదా, మా పిల్లకి అన్నమన్నా పెట్టారా, అన్నీ రొట్టెలేనా?"

అన్నం వండుకునేవాళ్లమని చెప్పాను. ఆమె పోయిందని కూడా చెప్పాను. నాంచారమ్మ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని కొంతసేపు రోడ్డు వైపు చూసింది.

రేపల్లె పుస్తకంలో ఉన్న చావు రాత సంగతి చెప్పి, ఇది ఎలా జరిగిందని అడిగాను. ఆవిడ చెప్పింది ఇది.

ముగ్గురు పిల్లలు పోయాక మస్తాను పుట్టింది. అలాంటి బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి, ఇది మాది కాదు, మాకొద్దు అని వదిలేస్తారు. ఇంకొకరు చేటెడు తవుడిచ్చి కొనుక్కుంటారు. తర్వాత పెంచమని మళ్లీ తల్లికే ఇస్తారు. కన్నవాళ్ల బిడ్డ కాదు కాబట్టి వచ్చేవాడు అడగడు. కొన్నది నాంచారమ్మ తల్లి. తవుడు మోసింది పదేళ్ల నాంచారమ్మ.

"ఊరికే వదిలితే వాడు నమ్మడు గదా మరిదీ. అందుకని వాళ్లమ్మ నిజంగా పోయినట్టే ఏడ్చింది. బిడ్డ మీద గుడ్డ కప్పి, జుట్టు విరబోసుకుని. ఆడోళ్లందరూ ఏడ్చారు. నేను కూడా ఏడ్చా, అబద్ధమని తెలిసి కూడా. అప్పుడే తలారి అటెళ్తున్నాడు. పాపం, ఆ ఇంట్లో మూడు చావులు చెప్పొచ్చినోడే. ఆగి అడగను కూడా అడగలా. సరాసరి మునసబు దగ్గరికెళ్లి రాయించాడు."

"తర్వాత దిద్దించలేదా?"

"ఎట్టా దిద్దిస్తారు? పిల్ల ఉంది అని రాయించడమంటే, ఉంది రా అని వాడికి చెప్పడమే గదా. వెంకటసామి మామ వణికిపోయాడు. వాళ్లమ్మ మాత్రం మంచిదే అయిందంది. వాడొచ్చినా పుస్తకం చూసుకుని వెనక్కి పోతాడంది. కానీ ఆవిడకి ఇంకో భయం పట్టుకుంది. పుస్తకంలో లేని మనిషి, పేరు పెట్టి పిలిస్తే పలికిందనుకో? దొరికిపోయినట్టే గదా. వాడు రెండుసార్లే పిలుస్తాడంట. మూడోసారి పిలిచే ఓపిక వాడికుండదంట. అందుకని పిల్ల చేత ఒట్టేయించింది. మూడోసారి పిలిచిందాకా పలక్కూడదు. ఆ ఒట్టు తప్పితే తల్లి చచ్చినంత."

"నిద్రలో ఉంటే?"

ఇదొక్కటి అడగడానికే అన్ని ఊళ్లు తిరిగాను. అడిగాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నాంచారమ్మ నవ్వింది. "మేం ఆడుకునే ఆటే అది. పిల్ల నిద్రపోతందా, దొంగనిద్రా అని. రెండుసార్లు పిలిచి కాళ్ల వంక చూసేవాళ్లం. నిజంగా నిద్రపోతే ఏం ఉండదు. వింటా ఉంటే మాత్రం, నోరు పలక్కుండా ఆపుకోడానికి, రెండో పిలుపుకి కాలి వేళ్లు ముడిచేసేది. ఎంత ఆపుకున్నా వేళ్లు ఆగేవి కాదు దానికి. అప్పుడు మూడోసారి పిలిస్తే, 'ఆఁ' అని లేచొచ్చేది."

ఎండు రొయ్యల మీద ఈగలు వాలుతున్నాయి. ఆవిడ వాటిని తోలింది. దుప్పటి లాగిన నా చెయ్యి ఒళ్లో ఉంది. దాన్ని చూస్తూ కూర్చున్నాను.

కొంతసేపటికి జేబులోంచి అర్జీ తీసి, ఆ రాత కొట్టేయిస్తామంటున్నారని చెప్పాను.

"కొట్టించమాక," అంది. "దాని నీడనే గదా మరిదీ అన్నేళ్లు బతికింది."

కాగితం నాలుగు మడతలు పెట్టి ఆవిడకే ఇచ్చాను. పొయ్యి అంటించడానికి పనికొస్తుందంది.

ఆ పెంటకుప్ప ఉన్న చోటు చూపించమన్నాను. పాక వెనకే. ఇప్పుడక్కడ కుప్ప లేదు. సిమెంటు రోడ్డు, ఒక చేతిపంపు, దాని అవతల సరుగుడు కర్రల కంచె. "చూసి రా. చేపల పులుసుంది, తినకుండా వెళ్తే ఊరుకోను" అని నాంచారమ్మ లోపలికి వెళ్లింది.

మిట్టమధ్యాహ్నం. రోడ్డు మీద ఎవరూ లేరు. సిమెంటు మీద నా నీడ కాళ్ల కిందే ఉంది. పదకొండు రోజుల బిడ్డ మీద గుడ్డ కప్పింది ఇక్కడ. నేను దుప్పటి లాగడానికి అరవై ఏళ్ల ముందే, బిడ్డ బతకాలని.

"మస్తానూ," అన్నాను. ఒక్కసారే.

కంచె అవతలినుంచి ఒక ఆడగొంతు "ఆఁ" అంది.

ఆ వీధిలో ముగ్గురు మస్తానమ్మలున్నారని టీ కొట్టతను చెప్పిన మాట నాకు గుర్తుంది. కంచె దగ్గరికి వెళ్లలేదు. ఆ గొంతు కూడా పిలిచింది ఎవరని అడగలేదు, ఎందుకు పిలిచావని అడగలేదు. చేతిపంపు మూతినుంచి ఒక్కో చుక్కా పడుతూ ఉంది. అవి కొన్ని పడేదాకా నిలబడ్డాను.

"మరిదీ, అన్నం చల్లారిపోతంది!" అని లోపలినుంచి నాంచారమ్మ పిలిచింది.

మొదటి పిలుపుకే వెళ్లాను.